చిలక ముక్కు ఏ అట్టలో ఉండాలి

కరోనా తగ్గి ఆఫీసులు మునుపటిలా తెరుచుకున్నాక వచ్చిన మొదటి వేసవిలో నన్ను కర్నూలు నుంచి కడపకు బదిలీ చేశారు. అప్పటికి నేను సీనియర్ ప్రోగ్రామర్‌ని. చేనేత వారికి డిజైన్లు నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ విభాగం నా బాధ్యత. విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నేను, నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, సరిగ్గా మధ్యాహ్నం పూటే మొరాయించే ఏసీ. పదవీ విరమణకు మూడేళ్ళుంది. ఈ మూడేళ్ళలో ఒక్క పనైనా శుభ్రంగా ముగించి పోవాలని పంతం పట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. నా పంతాల సంగతి మా ఇంట్లో వాళ్ళకు బాగా తెలుసు. వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసి, అక్షరక్రమంలో పేర్చి, ఉప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా చేసిన మనిషిని నేను.

నేను ముగించాలనుకున్న పని ‘పడుగు’ అనే ప్రోగ్రాముది. కర్నూలులో ఉన్నప్పుడు నేనూ, ఇంకొందరూ కలిసి మొదలుపెట్టింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. అంటే దాని రాత మొత్తం బయటే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, దించుకోవచ్చు, మార్చి వాడుకోవచ్చు. అది చేసే పని చిన్నదే. చీర అంచు బొమ్మను గడులుగా విడగొట్టి, జకార్డు అట్టల్లో ఎక్కడెక్కడ చిల్లు పడాలో కాగితం మీద అచ్చు వేసి ఇస్తుంది. జకార్డు అంటే మగ్గం మీద కూర్చోబెట్టే పెట్టె. దానికి అట్టలు దండలా గుచ్చి వేలాడదీస్తారు. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక అట్టకు అడ్డంగా ఒక పేక పోగు. అలా వందల అట్టలు వరసగా తిరిగితే అంచు మీద ఒక పువ్వో పిట్టో వస్తుంది.

అట్టలకు చిల్లులు కొట్టే పని ప్రత్యేకమైనది. కర్నూలుకు పడమర ఒక నేత ఊళ్ళో ఆ పని చేసేవాడు ఓబులేసన్న. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఆ వాడలో పన్నెండు మగ్గాలకు అట్టలు ఆయన చేతి నుంచే పోయేవి. ఆయన కొట్టిన అట్టను ఎవరూ మళ్ళీ సరిచూసుకోరు. తెచ్చి నేరుగా మగ్గానికి ఎక్కిస్తారు. అంత నమ్మకం ఉన్న మనిషి కాబట్టే, ఆయన కంప్యూటర్ కాగితం చూసి అట్టలు కొట్టడానికి ఒప్పుకున్న రోజున మా ప్రాజెక్టు నిలబడిందని అనుకున్నాను. ఒప్పుకుంటూ ఒకటే షరతు పెట్టాడు.

“నన్నేమీ అడక్కుండా కాగితం ఇచ్చేదుంటే ఈడ పెట్టు మేడమ్. అదా ఇదా అని అడిగేదైతే వద్దు.”

ఆ షరతు వల్లే ప్రోగ్రాములో ఏది కావాలని అడిగే మెనూలు పెట్టలేదు. ఏ ఊరి మగ్గానికి దారాలెత్తే కొక్కేలు ఎన్ని, అట్ట ఎంత పొడవు, ఏ ప్రింటరు అనే సంగతులన్నీ ప్రోగ్రామును తయారు చేసేటప్పుడే అందులో బిగించేసేవాళ్ళం. ఊరికొక ప్రోగ్రాము. మనిషి రాసింది యంత్రానికి నేరుగా అర్థం కాదు. ఏ ఫైలు ముందు, ఏది తర్వాత, దేన్ని దేనితో కలపాలి, ఏ కొలతలు వాడాలి అని చెప్పే జాబితా ఒకటి కావాలి. దాన్ని బిల్డ్ ఫైలు అంటాం. వంటకు కావలసిన సరుకులు, వండే వరస ఒకే చీటీ మీద రాసుకున్నట్టు. మాకు పదకొండు ఊళ్ళు, పదకొండు బిల్డ్ ఫైళ్ళు.

అవి పెరిగిన తీరు చెప్తే నవ్వుతారు. కొత్త ఊరు చేరినప్పుడల్లా పాత ఊరి ఫైలును కాపీ చేసి నాలుగు అంకెలు మార్చేవాళ్ళం. కడప ఫైలు పైన కర్నూలు పేరే ఉండేది. ప్రోగ్రాములో ఒక కొత్త భాగం చేరిస్తే ఆ మాట పదకొండు చోట్ల రాయాలి. పది చోట్ల రాసి ఒకటి మరిచిపోతాం. ఆ మరిచిపోయిన ఊరి నుంచే పొద్దున్నే ఫోను వస్తుంది. ఎన్నేళ్ళుగానో ఆ గజిబిజి నా కంట్లో నలుసులా ఉండేది.

కడపలో మొదటి మూడు నెలలు నేను చేసింది ఆ సర్దుడే. పదకొండు ఫైళ్ళనూ అచ్చు వేసి, బల్ల మీద పక్కపక్కన పరచి, అన్నిట్లో ఉన్నవాటికి పచ్చరంగు, తేడా ఉన్నవాటికి ఎర్రరంగు పూశాను. పచ్చవన్నీ ఒక ఉమ్మడి ఫైలులోకి తెచ్చాను. ఊరికొక చిన్న ఫైలు మిగిల్చి, అందులో ఆ ఊరికి మాత్రమే సంబంధించిన నాలుగైదు వరుసలు ఉంచాను. బయట కడప ఎండ నిప్పులు చెరిగేది. కేంద్రంలో కింద పరిచినవి బేతంచెర్ల బండలు, చల్లగా ఉండేవి. చెప్పులు విప్పి ఆ బండల మీద కాళ్ళు పెట్టుకుని, ఒక్కొక్క వరుసే తీసి సరైన చోట పెడుతూ కూర్చునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా సర్వీసులో అంత హాయైన రోజులు మళ్ళీ లేవు. ఆ హాయిలోనే తప్పు చేశాను.

ఎర్రరంగు పూసిన వరుసల్లో ఒకటి ఓబులేసన్న ఊరి ఫైలులో మాత్రమే ఉంది. కాగితాల వరస తిరగెయ్యమని చెప్పే వరుస అది. మొదటిది చివర, చివరిది మొదట. దాని పక్కన ఎవరో రెండే మాటలు రాసిపెట్టారు: ‘తీయొద్దు. అడగండి.’ ఎవరిని అడగాలో లేదు, ఎందుకో లేదు. నాకు వెంటనే కర్నూలు ఆఫీసులోని పాత ప్రింటరు గుర్తొచ్చింది. అది కాగితాలను మొహం పైకి పెట్టి ఒకదాని మీద ఒకటి పడేసేది, దాంతో వరస తలకిందులయ్యేది. ఆ ప్రింటరు కోసం ఎవరో పెట్టిన అతుకు ఇది, ప్రింటరు పాత సామాన్లలోకి పోయి ఏళ్ళయింది కదా అనుకున్నాను. తీసేశాను.

మా ప్రాజెక్టులో ఒక నియమం ఉంది. ఎవరి మార్పును వాళ్ళే లోపలికి చేర్చుకోకూడదు. ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి. అలా ఒప్పుకుని చేర్చే తాళాలు మా ఇద్దరి దగ్గరే ఉండేవి. నేనొకదాన్ని, రఫీ రెండోవాడు. రఫీ కర్నూలులో నా కింద కాంట్రాక్టు మీద పనిచేసి, తర్వాత బేతంచెర్లలో బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ పనికి చేరాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆదివారాలు మా ప్రోగ్రాముకు ఇచ్చేవాడు. వాడి కీబోర్డు మీద ఎప్పుడూ బండల పొడి ఉంటుందని వాడే నవ్వేవాడు. నా మార్పులన్నీ మూడు ఆదివారాలు ఓపికగా చదివి, ఒక్కచోట ఆగి ఫోను చేశాడు.

“మేడమ్, అన్నీ బాగుండాయి. ఈ తిరగేసే లైను ఎందుకుండాదో తెలిసినంక తీద్దాం. ఎవరు రాసినారో హిస్టరీ చూస్తే తెలుస్తాది కదా?”

ప్రతి వరుసను ఎవరు, ఎప్పుడు రాశారో చూపే సౌకర్యం మా దగ్గర ఉంది. ఒక్క నిమిషం పని. నేను ఆ నిమిషం పెట్టలేదు. పాత ప్రింటరు కథ చెప్పాను. కారణం రాయని మాటకు కారణం లేనట్టే లెక్క అని కూడా అన్నాను. అప్పట్లో ఆ మాట నాకు చాలా తెలివైన మాటలా తోచింది. పైగా పరీక్ష చేశాను కదా అని వాదించాను. మార్పుకు ముందు ప్రోగ్రాముతో, తర్వాత ప్రోగ్రాముతో అదే డిజైను అచ్చు వేసి పోల్చాను. గడి గడి సరిపోయింది. వాడు “సరే, పెద్దవారు మీరు చెప్తాండారు” అని ఒప్పుకున్నాడు.

కొత్త ప్రోగ్రాము ఎక్కిద్దామంటే ఓబులేసన్న పాతదే బాగుందన్నాడు. నేను వినలేదు. ఇకమీదట అన్ని ఊళ్ళకూ ఒకే దారి, పాతదానికి మరమ్మతులు ఉండవు అని చెప్పి, రఫీ చేత ఫోనులో చెప్పించి ఆయన ఇంట్లోని కంప్యూటర్లో కొత్తది ఎక్కించాను.

రెండు వారాలు ఏ కబురూ లేదు. ఒక గురువారం పొద్దున ఓబులేసన్న ఫోను చేశాడు. పలకరింపు లేదు.

“మేడమ్, చిలకలు కొంగుకు ఈపు పెట్టినాయి.”

నాకు అర్థం కాలేదు. అడిగి తెలుసుకున్నది ఇది. ఆ వాడలో లక్ష్మక్క అనే నేతగత్తె చిలకల అంచు చీర మొదలుపెట్టింది. అంచు మీద చిలకలన్నీ కొంగు వైపు చూస్తూ నడవాలి. ఆ ప్రాంతంలో అది పట్టింపు. మొహం తిప్పుకున్న చిలకల చీరను ఆడవాళ్ళు ముట్టరు. లక్ష్మక్క కొంగు నేసి, దాని తర్వాత మూడు మూరలు నేశాక బట్ట సడలించి చూసుకుంటే, చిలకలన్నీ అటు తిరిగి పోతున్నాయి. అట్టలు ఓబులేసన్నవి. ఆయన కాగితంలో ఉన్నట్టే కొట్టాడు. అట్ట మీద చిలక కనబడదు, చిల్లులే కనబడతాయి.

అప్పటికే ఆ వాడకు ఇంకొకతను వచ్చిపోతున్నాడట. పక్క పట్నంలో కరెంటు మిషనుతో అట్టలు కొడతాడు. డిజైను మాత్రం ఎవరికీ ఇవ్వడు, ప్రతిసారీ అతని దగ్గరికే పోవాలి. ఇన్నాళ్ళూ ఓబులేసన్న ఉండగా మనకెందుకని వీళ్ళు అతన్ని దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు ఇకమీదట అట్టలు ఎవరి చేత కొట్టించాలో ఆదివారం పన్నెండు మగ్గాల వాళ్ళూ కూర్చుని తేల్చుకుంటామన్నారు.

“నా చేతి అట్ట తప్పు పోయిందని యాబై ఏండ్లలో ఒకరితో అనిపించుకోల్యా” అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది.

రఫీకి చెప్పాను. “ఆ ఒక్క లైనే మేడమ్” అన్నాడు. ఆ వరుస మళ్ళీ పెట్టి, ప్రోగ్రాము తయారు చేసి, పెన్‌డ్రైవులో వేసుకుని శనివారం కడపలో బస్సెక్కాను. మైదుకూరులో బస్సు ఆగితే దిగి టీ తాగబోయి తాగలేకపోయాను. దారి పొడవునా ఒకటే ఆలోచన: గడి గడి సరిపోయినది ఎలా తప్పయింది? ఆళ్ళగడ్డ దాటాక తట్టింది. నేను పోల్చి చూసింది రుద్రాక్ష అంచు. రుద్రాక్షకు ముందూ వెనకా లేదు. ఎటు నుంచి నేసినా అదే రుద్రాక్ష. తల, తోక ఉన్న బొమ్మతో నేను పరీక్షే చేయలేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగం తర్వాత చేసిన ఈ తెలివితక్కువ పనికి బస్సులోనే తల కొట్టుకోవాలనిపించింది.

ఊరికి చేరేసరికి సాయంత్రమైంది. ముందు ఓబులేసన్న ఇంటికి పోయాను. కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త కాగితం తీసి ఇచ్చి, ఆ వరుస ఎందుకు అవసరమో ఇప్పటికైనా చెప్పమన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

“మాది కొంగు ముందు నేసే ఊరు కదమ్మా. మీ కడప పక్క కొంగు కడాకు నేస్తారు. కొంగు ముందైతే చిలక ముక్కు మొదటి అట్టలో రావల్ల, తోక కడా అట్టలో. ఆ పక్కోళ్ళకు తోక ముందు. ఇదంతా నీకు తెల్సు కదా?”

“నాకెలా తెలుస్తుందన్నా?”

“భలే అడుగుతాండావే! ఆ పొద్దు ఈడనే, ఈ మంచం మీద కూర్చోని, ఉగ్గాని తింటా, నేను చెప్పింది నువ్వే కదా రాసుకుంటివి. ‘ఇంక ఇది ఎవురూ తీయకుండా రాసి పెడతా అన్నా’ అంటివి. కంప్యూటర్లో ఎక్కినాది, ఇంక యాడికీ పోదులే అనుకుంటి నేను.”

నేను అక్కడే, ఆ మంచం మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. అప్పుడు రఫీ చూడమన్న హిస్టరీ తీశాను. ‘తీయొద్దు. అడగండి.’ పక్కన పేరు కనబడింది. నాదే. ఎనిమిదేళ్ళ కింద, కర్నూలు ఆఫీసు నుంచి నేనే రాశాను. ఎవరిని అడగాలో రాయలేదు, ఎందుకంటే అప్పట్లో అడగవలసిన మనిషిని నేనే. ఎందుకో రాయలేదు, ఎందుకంటే ఇది ఎవరైనా మరిచిపోతారా అనుకుని ఉంటాను. ఉగ్గాని తిన్నది కూడా గుర్తుకు రాలేదు. ఎంత తలుచుకున్నా రాలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఓబులేసన్న భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆదివారం లక్ష్మక్క ఇంటి ముందర గదిలో కూర్చున్నారు. ఒక పక్క గుంత మగ్గం, దాని మీద ఆ చీర. లక్ష్మక్క గుంతలో కాళ్ళు పెట్టుకుని, మాటలు వింటూనే, నేసిన పేకను పోగు పోగునా ఊడదీస్తోంది. యాభై దాటిన మనిషి, చేతులు మాత్రం తడబడవు. మూడు మూరలు నేయడానికి పట్టినదానికంటే ఊడదీయడానికి ఎక్కువ పట్టిందని తర్వాత తెలిసింది, జాగ్రత్తగా తీయకపోతే పడుగు తెగుతుంది కాబట్టి.

ఆఫీసర్లు తప్పు చెప్పుకునేటప్పుడు ఒక భాష ఉంటుంది. ‘సాంకేతిక కారణాల వల్ల’ అంటాం. నేను ఆ మాట వాడలేదు. ఓబులేసన్న అట్టల్లో తప్పు లేదని, కాగితంలోనే తప్పు ఉందని, ఆ కాగితం తప్పడానికి కారణం నేనని, ఆయన పాతదే చాలన్నా బలవంతంగా మార్పించానని చెప్పాను. వరుస నేనే రాసి నేనే తీసేసిన సంగతి కూడా దాచలేదు. వెనక ఎవరో నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. లక్ష్మక్క చేతిలో పోగు వదలకుండా అడిగింది.

“తప్పు ఒప్పుకుంటివి, సంతోషమమ్మా. ఎనిమిదేండ్లకు నువ్వే మర్సిపోతివి. రేపు నువ్వు రిటైరైపోతావు, ఇంకొకరొస్తారు. వాళ్ళకెట్ల తెలిసేది?”

పదకొండు ఫైళ్ళు, మూడు నెలలు, మూడు ఆదివారాల పరిశీలన. ఇన్నిట్లో ఎవరమూ అడగని ప్రశ్నను ఆమె గుంతలో కూర్చుని అడిగింది. ఆలోచించి చెప్తానన్నాను. ఆమే చెప్పింది.

“ఆలోచన ఏముండాది? మేం కొత్త అట్టలు కట్టినప్పుడు ముందు ఒక్క చిలక నేసి చూస్తాం. ఈసారి ఓబులేసన్న అట్టలని చూడకుండా పోతి, అది నా తప్పే. మీరూ అట్ల ఒక చిలకను నేసి చూడండి, ఆ తర్వాతే మాకు పంపండి.”

ఆ మాటతో ఓబులేసన్న తల వంచుకున్నాడు. మా ఇద్దరినీ వెనకేసుకు రావడానికి లక్ష్మక్క తన మీద కూడా కొంత వేసుకుందని ఆయనకూ అర్థమైంది, నాకూ అర్థమైంది. పన్నెండు మగ్గాల వాళ్ళూ ఇంకో చీర వరకూ చూద్దామన్నారు. ఆ ఒక్క చీర గడువు మీదే ఆయన పని నిలబడింది.

కడపకు తిరిగొచ్చి రఫీతో కలిసి చేసింది మూడు పనులు. మొదట, ఆ వరుస పేరు మార్చాం. ‘వరస తిరగెయ్యి’ అన్నది యంత్రం చేసే పని. దాని బదులు ‘కొంగు ముందు’ అని పెట్టాం, మనిషి చేసేది అది కాబట్టి. పదకొండు ఊళ్ళ ఫైళ్ళలోనూ కొంగు ముందో కడాకో రాసి తీరాలి, రాయకపోతే ప్రోగ్రాము తయారు కాదు. తర్వాత, ఉమ్మడి ఫైలులో చిలక పరీక్ష చేర్చాం. ఎవరు ఏ మార్పు పంపినా, ప్రతి ఊరికీ ముందు ఒక చిలకను గడుల మీద వేసి, ముక్కు ఏ అట్టలో పడిందో చూస్తుంది. తప్పితే అక్కడే ఆగిపోతుంది. ఆ చిలక బొమ్మ లక్ష్మక్కదే. మూడోది, వరుస పక్కన మాట. ఈసారి నాలుగు వరుసలు రాశాను: ఎందుకు, ఏ ఊళ్ళకు, తీస్తే ఏమవుతుంది, ఎవరిని అడగాలి. అడగవలసిన చోట నా పేరు రాయలేదు. లక్ష్మక్క పేరు, ఓబులేసన్న పేరు వాళ్ళ ఒప్పుదలతో రాశాను. రఫీ చదివి, “ఇప్పుడు ఒప్పుకుంటా మేడమ్, ఖుషీగా” అన్నాడు.

లక్ష్మక్క ఆ చీరను మళ్ళీ నేసింది. చిలకలు కొంగు వైపు నడిచాయి. ఓబులేసన్న ఇప్పటికీ పన్నెండు మగ్గాలకు అట్టలు కొడుతున్నాడు. తేడా ఒక్కటే, ఇప్పుడు ఆయన అట్టలను కూడా ఒక చిలక నేసి చూసుకునిగానీ ఎక్కించరు. అది నా వల్ల ఆయనకు జరిగిన నష్టం. ఆయన ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ మరిచిపోలేదు.

ఇక ఆ అనుభవం నేర్పింది చెప్పి ముగిస్తాను. పదవీ విరమణ రోజున శాలువా కప్పే సభ మధ్యాహ్నం పెట్టారు. పొద్దున్నే ఆఫీసుకు పోయి, ప్రాజెక్టు మొత్తంలో నేను ‘తీయొద్దు’ అని రాసిన వరుసలన్నీ వెతికాను. తొమ్మిది తేలాయి. ఏడింటి పక్కన కారణం, అడగవలసిన మనిషి పేరు రాశాను. మిగిలిన రెండు ఎందుకు పెట్టానో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు, అడగడానికి ఎవరున్నారో కూడా తోచలేదు. వాటిని తీయలేదు. పక్కన ఇలా రాసి నా పేరు పెట్టాను: ‘ఎందుకో రాసిన మనిషికే తెలియదు. తెలిసేదాకా ఉండనీయండి.’ రఫీ ఆ మార్పును మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆ రెండు వరుసలు ఇంకా అక్కడే ఉన్నాయి.